పిల్లికూతలు ఎక్కడి నుంచి వస్తాయి?

మీ తరగతి హాజరుపట్టీని ఎప్పుడైనా శ్రద్ధగా చూశారా? అది ఉపాధ్యాయుల పుస్తకం, మాకు దానితో పనేమిటి అంటారేమో! అందులో కూడా సైన్సు ఉంది. నాకు ఆ సంగతి తెలియడానికి చాలా సంవత్సరాలు పట్టింది.

కొన్నేళ్ళ కిందట నేను మిర్యాలగూడ ప్రాంతంలో తొమ్మిదో తరగతికి సైన్సు చెప్పేవాణ్ణి. ఆ తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. ప్రశ్నలడగడంలో దిట్ట. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆమె పేరు ఎదుట ఒక్క గైర్హాజరు కూడా లేదు. దీపావళి దాటినప్పటి నుంచి సంక్రాంతి వరకూ మాత్రం వారానికి రెండు మూడు రోజులు బడికి రాలేదు. ముందటి సంవత్సరపు పట్టీ తీసి చూస్తే అందులోనూ అదే వరస. చలికాలపు బద్ధకం కాబోలు అనుకున్నాను. అది నా మొదటి పొరపాటు.

రెండో పొరపాటు ఇంకా పెద్దది. ఆమె చురుకుదనం చూసి, మెచ్చుకోలుగా, నల్లబల్ల తుడిచే పని ఆమెకు అప్పగించాను. గంట కాగానే డస్టరును వరండా గోడకేసి కొట్టి సుద్దపొడి దులిపి తెచ్చేది. నవంబరులో ఒకరోజు అలా దులిపి వచ్చి బెంచీ మీద కూలబడిపోయింది. భుజాలు పైకి లేస్తున్నాయి, మెడ దగ్గర గుంటలు పడుతున్నాయి, మాట పెగలడం లేదు. దగ్గరకు పోతే ఆమె ఛాతీలోంచి సన్నని కూత వినిపించింది. ఒక బుట్టలో నాలుగు పిల్లికూనలు అరుస్తున్నట్లు! మన పెద్దవాళ్ళు వీటికి పెట్టిన పేరు పిల్లికూతలు. జబ్బు పేరు ఉబ్బసం. మా వైపు ‘దమ్ము’ అనీ, ‘ఆయాసం’ అనీ కూడా అంటారు. డాక్టర్లు చెప్పే పేరు ఆస్తమా.

ఆ పిల్లికూతలు ఎక్కడి నుంచి వస్తాయో, మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల గాలికీ వాటికీ సంబంధమేమిటో చూద్దాం.

గొట్టం సన్నబడితే

ముందు ఒక చిన్న ప్రయోగం. కొబ్బరిబోండాం తాగే గొట్టం ఒకటి తీసుకోండి. ముక్కు మూసుకొని, ఆ గొట్టంలోంచి మాత్రమే పావు నిమిషం గాలి పీల్చి వదలండి. ఇప్పుడు అంతకంటె సన్నని గొట్టంతో అదే పని చేయండి. ఇబ్బంది అనిపించగానే ఆపెయ్యండి. ఉబ్బసం ఉన్నవాళ్ళు మాత్రం ఈ ప్రయోగం చేయకూడదు. వాళ్ళకు దీని అవసరం కూడా లేదు, ఆ అనుభవం వారికి ముందే ఉంది.

మనం పీల్చిన గాలి వాయునాళం గుండా పోయి రెండు శ్వాసనాళాలుగా చీలుతుంది. అవి చెట్టుకొమ్మల్లాగా మళ్ళీ మళ్ళీ చీలి, చివరకు చాలా సన్నని శ్వాసనాళికలవుతాయి. వాటి చివర ద్రాక్షగుత్తుల మాదిరి వాయుకోశాలుంటాయి. పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల్లో ఇవి సుమారు 30 కోట్లని మీ పాఠంలో చదివే ఉంటారు. శ్వాసనాళికల చుట్టూ కండరాలు పట్టీల్లాగా చుట్టుకొని ఉంటాయి. లోపల మెత్తని పొర ఉంటుంది. ఆ పొర కొద్దిగా జిగురును ఊరుస్తుంది.

ఉబ్బసం ఉన్నవాళ్ళలో ఈ పొర ఎప్పుడూ కాస్త వాచే ఉంటుంది. గిట్టని పదార్థం ఏదైనా తగలగానే మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. కండరాల పట్టీలు బిగుసుకుంటాయి, పొర మరింత వాస్తుంది, జిగురు ఎక్కువగా ఊరి దారికి అడ్డం పడుతుంది. మిగిలిన సన్నని సందులోంచి గాలి దూరేటప్పుడు పిల్లనగ్రోవిలో లాగా శబ్దం పుడుతుంది. అదే పిల్లికూత. వినేవాళ్ళు గాలి లోపలికి పోవడం లేదనుకుంటారు కాని, నిజానికి బయటికి పంపడమే ఎక్కువ కష్టం. పాతగాలి లోపలే చిక్కుకుపోతే కొత్తగాలికి చోటెక్కడిది?

ఇక్కడ ఒక లెక్క ఉంది. గొట్టం వ్యాసార్థం సగమైతే గాలికి ఎదురయ్యే నిరోధం ఎన్ని రెట్లు పెరుగుతుందనుకుంటున్నారు? రెండు రెట్లా? నాలుగా? కాదు, 16 రెట్లు! గాలి నెమ్మదిగా, వరసగా ప్రవహించే సన్నని గొట్టాల్లో నిరోధం వ్యాసార్థపు నాలుగో ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది. పెద్దవాళ్ళ గొట్టాలు మొదటే వెడల్పు. చిన్నపిల్లల గొట్టాలు మొదటే సన్నం. అదే మందం వాపు పెద్దవాళ్ళలో దగ్గుతో పోతే, పసివాళ్ళలో ఆసుపత్రి దాకా తెస్తుంది.

ఇంకొక సంగతి. పెద్దవాళ్ళు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుంచి 18 సార్లు ఊపిరి తీస్తారు. ఐదేళ్ళ పిల్లవాడు 20 సార్లకు పైగా తీస్తాడు. శరీరపు బరువుతో పోల్చి చూస్తే పిల్లలు పీల్చే గాలి పెద్దలకంటె ఎక్కువ. ఆటస్థలంలో పరుగెత్తేటప్పుడు నోటితో పీలుస్తారు కనుక ముక్కులోని జల్లెడ కూడా పనిచేయదు. పైగా వాళ్ళ ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతున్నాయి.

వెంట్రుకలో ముప్పయ్యో వంతు

గాలిలోని ధూళికణాలను శాస్త్రజ్ఞులు మైక్రాన్లలో కొలుస్తారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. పదికంటె పెద్ద కణాల్లో చాలావాటిని ముక్కులోని వెంట్రుకలు, తడి పట్టేస్తాయి. సాయంత్రం ముక్కు చీదితే నల్లగా వచ్చేది అదే. పది మైక్రాన్లు, అంతకంటె చిన్నవాటిని పి.ఎం. 10 అంటారు. ఇవి శ్వాసనాళాల దాకా పోగలవు. రెండున్నర మైక్రాన్లు, అంతకంటె చిన్నవి పి.ఎం. 2.5. వెంట్రుక మందానికి ఇవి దాదాపు 28 పక్కపక్కన పడతాయి. ఇవి వాయుకోశాల దాకా దిగిపోతాయి. అన్నిటికంటె సన్నని కణాలు రక్తంలో కూడా కలుస్తాయి. మనం కళ్ళు నులుముకొని “అబ్బ, ఎంత దుమ్ము!” అనేది పెద్దవాటిని చూసి. అసలు దొంగ కంటికి కనిపించడు.

మన దేశంలో 2009లో నిర్ణయించిన ప్రమాణం ప్రకారం ఒక ఘనపు మీటరు గాలిలో పి.ఎం. 2.5 సంవత్సర సగటు 40 మైక్రోగ్రాములు దాటకూడదు. పి.ఎం. 10 అయితే 60. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన సిఫార్సును మరింత బిగించి పి.ఎం. 2.5కు 5, పి.ఎం. 10కి 15 అన్నది. ఈ రెండు వరసల అంకెలకూ మధ్య ఎంత దూరం ఉందో మీరే చూడండి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, ప్రమాణాలను అందుకోలేకపోతున్న పట్టణాల జాబితాలో హైదరాబాదుతో పాటు మన నల్లగొండ కూడా చేరింది. కాలుష్యం అంటే ఢిల్లీ సంగతి అనుకునేవాళ్ళకు ఈ ఒక్క మాట చాలు.

మూడు ఊళ్ళు, మూడు రకాల దుమ్ము

ఈ మూడు ఊళ్ళనూ నేను దగ్గరగా చూశాను. ఒక్కొక్క ఊరి గాలికి ఒక్కొక్క వాసన.

మిర్యాలగూడకు బియ్యపు మిల్లులు ఎందుకు వచ్చాయి? నాగార్జునసాగర్ ఎడమ కాలువ వల్ల. 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. మెట్టపొలాలు వరిమడులయ్యాయి, వడ్లు ఉన్నచోటికి మిల్లులు వచ్చాయి. వడ్ల బరువులో అయిదో వంతు ఊక. ఉప్పుడు బియ్యం తయారుచేసే మిల్లుల్లో వడ్లు ఉడికించడానికి ఆవిరి కావాలి. ఆ ఆవిరికి బాయిలర్లలో ఈ ఊకనే కాలుస్తారు. ఊకలో అయిదో వంతు దాకా బూడిద అవుతుంది. అంటే 10 టన్నుల వడ్ల లారీ ఒకటి వస్తే 2 టన్నుల ఊక. అదంతా కాలిస్తే దాదాపు 400 కిలోల బూడిద! ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా. ఇసుకలో ఉండేది కూడా సిలికాయే. ఈ బూడిద చాలా తేలిక కాబట్టి గాలి వీస్తే లేచిపోతుంది. మిల్లుల పక్క వీధుల్లో ఆరేసిన తెల్లబట్టల మీద నల్లని నలుసులు పడడం అక్కడి ఇల్లాళ్ళందరికీ తెలుసు. వడ్లు జల్లించేటప్పుడు లేచే నూగు, దుమ్ము దీనికి అదనం.

సూర్యాపేట సంగతి వేరు. అక్కడ దుమ్ము చక్రాల మీద వస్తుంది. హైదరాబాదు, విజయవాడల మధ్య నాలుగు వరుసల రహదారి ఆ ఊరి మీదుగానే పోతుంది. మా చిన్నతనంలో తొమ్మిదో నెంబరు రోడ్డు అనేవాళ్ళం, ఇప్పుడు దాని నెంబరు 65. డీజిలు ఇంజను పొగలో నల్లని మసి కణాలుంటాయి. ఇవి పి.ఎం. 2.5 కంటె కూడా ఎంతో చిన్నవి. నైట్రోజన్ డయాక్సైడ్ అనే వాయువు కూడా వస్తుంది. ఇది శ్వాసనాళాల పొరను రేపుతుంది. ఒక ఊరట ఏమంటే, రోడ్డు నుంచి రెండు మూడు వందల మీటర్లు లోపలికి పోయేసరికి ఈ పొగ చాలావరకు పలచబడుతుంది. కాబట్టి బడిగేటు రోడ్డు మీద ఉందా, వెనక సందులో ఉందా అన్నది చిన్న విషయం కాదు. పిల్లల కోసం ఎదురుచూసే ఆటోలు, బస్సులు ఇంజను ఆపుతాయా లేదా అన్నది కూడా చిన్న విషయం కాదు.

రోడ్డు మాట వచ్చింది కనుక లండనులోని ఎల్లా కిస్సీ డెబ్రా అనే అమ్మాయి గురించి చెప్పాలి. ఆమె ఇల్లు రద్దీగా ఉండే ఒక పెద్ద రహదారికి కొద్ది మీటర్ల దూరంలో ఉండేది. తీవ్రమైన ఉబ్బసంతో ఎన్నోసార్లు ఆసుపత్రిలో చేరి, 2013 ఫిబ్రవరిలో తొమ్మిదేళ్ళ వయసులో చనిపోయింది. తల్లి ఊరుకోలేదు, ఏళ్ళ తరబడి పోరాడింది. 2020 డిసెంబరులో అక్కడి మరణవిచారణాధికారి ఆమె మరణానికి గాలి కాలుష్యం కూడా ఒక కారణమని తీర్పు ఇచ్చాడు. బ్రిటన్‌లో ఒక మనిషి మరణానికి కారణంగా గాలి కాలుష్యాన్ని రాసుకోవడం అదే మొదటిసారి. మనదగ్గర ఇలాంటి పిల్లల మరణ కారణం కింద ‘ఆయాసం’ అని రాస్తే అక్కడితో సరి.

కోదాడ, హుజూర్‌నగర్ వైపు భూమిలో సున్నపురాయి ఉంది. అందుకే మేళ్ళచెర్వు, మఠంపల్లి ప్రాంతాల్లోనూ, ఇటు కృష్ణ, మూసీ కలిసే వాడపల్లి దగ్గరా సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. రాయి పేల్చడం, పిండి కొట్టడం, 1,400 డిగ్రీలకు పైగా వేడిలో కాల్చడం, లారీలకెత్తడం, ఇలా ప్రతి మెట్టులోనూ దుమ్ము లేస్తుంది. పట్టా కప్పని లారీ ఒకటి గతుకు మీద ఎగిరిపడినప్పుడు వెనక సైకిలు మీద వస్తున్న పిల్లవాడి ముఖం చూడండి, మీకే అర్థమవుతుంది. ఇవి చాలక, దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్ కేంద్రం కట్టారు. 2024 చివర అందులో విద్యుదుత్పత్తి మొదలైంది. బొగ్గు కాలితే సన్నని బూడిద, సల్ఫర్ డయాక్సైడ్ వస్తాయి. వాటిని పొగగొట్టం లోపలే పట్టే యంత్రాలున్నాయి. అవి రాత్రీ పగలూ పనిచేస్తున్నాయా అన్నదే ప్రశ్న.

వరికోతలయ్యాక కొయ్యకాళ్ళకు నిప్పుపెట్టడం మరొకటి. కోతయంత్రాలు వచ్చాక ఇది పెరిగింది.

ఇక ఆ అమ్మాయి జబ్బు చలికాలంలోనే ఎందుకు రేగేది? పగలు నేల వేడెక్కితే నేలను అంటిన గాలి కూడా వేడెక్కి పైకి లేస్తుంది. పొగను కూడా తీసుకుపోతుంది. చలికాలపు రాత్రి నేల త్వరగా చల్లారుతుంది. నేలకు దగ్గరి గాలి చల్లబడి బరువెక్కి కిందనే ఉండిపోతుంది. దాని పైన కాస్త వెచ్చని పొర మూతలాగా నిలుస్తుంది. బాయిలరు పొగ, పొయ్యి పొగ, కొయ్యకాళ్ళ పొగ అన్నీ ఆ మూత కింద ఇరుక్కుంటాయి. డిసెంబరు తెల్లవారుజామున ఊరి మీద పరుచుకొని కనిపించేదంతా మంచు కాదు. భోగినాడు ఆ మూత కిందనే పాత టైర్లు కూడా కాలుస్తున్నాం!

బార్సిలోనా అంతుచిక్కని రోగులు

మిల్లు దుమ్ముకూ ఉబ్బసానికీ సంబంధం ఉందంటే నమ్మనివాళ్ళకు నేను ఈ కథ చెబుతాను.

స్పెయిన్ దేశంలో బార్సిలోనా ఒక రేవుపట్నం. 1981 నుంచి 1987 వరకూ అక్కడ ఒక వింత జరిగింది. మామూలుగా గడిచే రోజుల మధ్య ఉన్నట్టుండి ఒకరోజు ఆసుపత్రులన్నీ ఉబ్బసం రోగులతో నిండిపోయేవి. మర్నాటికి మళ్ళీ మామూలే. ఇలా 26 సార్లు జరిగింది. వాహనాల పొగా? ఫ్యాక్టరీలా? పుప్పొడా? ఏదీ సరిపోలేదు. హోసెప్ ఆంటో, జోర్డి సున్యెర్ మొదలైన పరిశోధకులు రోగులు ఎక్కడ జబ్బుపడ్డారో పటం మీద గుర్తులు పెట్టారు. చాలామంది రేవుకు దగ్గరివాళ్ళే. అప్పుడు ఆయా రోజుల్లో రేవుకు ఏయే ఓడలు వచ్చాయో, ఏ సరుకు దించారో పట్టీ తీశారు. జబ్బు రేగిన రోజులన్నీ సోయా గింజలు దించిన రోజులే! రోగుల రక్తం పరీక్షిస్తే సోయాకు వ్యతిరేకంగా తయారైన ప్రతిదేహాలు కనిపించాయి. గింజలు నింపే ఒక పెద్ద గాదెకు పైన దుమ్ము పట్టే సంచీ జల్లెడలు లేవు. సోయా పొట్టు దుమ్ము అక్కడి నుంచి గాలివాటున ఊరి మీదికి పోయేది. జల్లెడలు బిగించారు. ఆ వింతజబ్బు ఆగిపోయింది.

ఇందులో నాకు నచ్చింది ఏమంటే, రేవును మూసేయలేదు, సోయా గింజలు మానేయలేదు. ఒక జల్లెడ బిగించారు, అంతే. బియ్యపు మిల్లుల్లో కూడా ఇలాంటి సంచీ జల్లెడలు పెట్టవచ్చు. సైక్లోన్ అనే గరాటు మాదిరి పరికరం కూడా ఉంది. అందులోకి వచ్చిన గాలి గిరగిరా తిరుగుతుంది. బరువైన కణాలు అపకేంద్ర బలం వల్ల గోడకు కొట్టుకొని అడుగుకు జారతాయి. మీ ఊరి మిల్లు మీద అలాంటి గరాటు ఉందేమో చూడండి. ఉంటే, దాని అడుగున ఎంత దుమ్ము పోగయిందో అడిగి చూడండి. ఆ దుమ్మంతా, గరాటు లేకపోతే, ఎక్కడికి పోయేదో ఊహించవచ్చు.

తలుపు మూసుకుంటే సరిపోతుందా?

ఆ అమ్మాయి నాయనమ్మ నాతో, “సారూ, బయట దుమ్మున్నదని ఈ పిల్లను గడప దాటనిస్తలేము. అయినా రాత్రయితే దమ్ము లేస్తది” అన్నది. నేను వాళ్ళ ఇల్లు చూడబోయాను.

ఇంట్లో గ్యాసు ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్వల పథకం వచ్చాక చాలా ఇళ్ళకు గ్యాసు వచ్చింది. అది మంచిదే. కాని గ్యాసు వచ్చినంత మాత్రాన కట్టెల పొయ్యి పోలేదు. చలికాలంలో స్నానాల నీళ్ళు, పశువుల కుడితి వాకిట్లో పత్తికట్టె మంట మీదనే కాగేవి. ఆ పొగ నేరుగా పడకగది కిటికీలోకి వచ్చేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో నాలుగు వందలకు పైగా ఇళ్ళలో కల్పనా బాలకృష్ణన్, కిర్క్ స్మిత్ మొదలైన శాస్త్రజ్ఞులు 24 గంటల పాటు గాలిని కొలిచి 2004లో ఫలితాలు ప్రచురించారు. పీల్చితే లోతుకు పోయే సన్నని కణాలు గ్యాసు వాడే ఇళ్ళలో ఘనపు మీటరుకు సగటున 73 మైక్రోగ్రాములుంటే, కట్టె, పిడక వాడే ఇళ్ళలో సగటు 732 దాకా పోయింది. వీధిలో ఉన్నదానికంటె ఇంట్లోనే ఎక్కువ కాలుష్యం ఉండవచ్చునన్నమాట! అది పీల్చేది పొయ్యి దగ్గరి తల్లి, ఆమె చంకలోని బిడ్డ.

పడకగదిలో ఇంకొకటి కనిపించింది. మంచం కింద దోమలచుట్ట. తలుపులు, కిటికీలు బిగించి రాత్రంతా వెలిగించేవారు. 2003లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఒక దోమలచుట్ట పూర్తిగా కాలితే వెలువడే పి.ఎం. 2.5, రకాన్ని బట్టి, 75 నుంచి 137 సిగరెట్ల పొగలో ఉన్నదానితో సమానమని తేలింది. ఆ ఇంట్లో బీడీ కాల్చేవారు ఎవరూ లేరని నాయనమ్మ గర్వంగా చెప్పింది. నేను ఆ చుట్ట వంక చూస్తూ ఉండిపోయాను. అగరుబత్తి, సాంబ్రాణి కూడా పొగే. దేవుడి ముందు వెలిగించినంత మాత్రాన ఊపిరితిత్తులు దాన్ని వేరుగా చూడవు.

దుప్పట్లు, బొంతల సంగతి సరేసరి. దుమ్ముపురుగు అనే ఎనిమిది కాళ్ళ జీవి మన పడకల్లో ఉంటుంది. పొడవు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. మన చర్మం నుంచి రాలిన పొట్టు తిని బతుకుతుంది. దాని విసర్జనే చాలామందికి గిట్టదు. ఏడాదంతా పెట్టెలో ఉన్న బొంతలను మనం ఎప్పుడు తీస్తాం? దీపావళి దాటాక! హాజరుపట్టీలో గైర్హాజరులు ఎప్పుడు మొదలయ్యాయో గుర్తుందిగా? వేడినీళ్ళలో ఉతికి, మంచి ఎండలో ఆరవేస్తే వీటి బెడద తగ్గుతుంది. బొద్దింకలు, గోడల మీది బూజు, పెరట్లో పూసిన వయ్యారిభామ పుప్పొడి కూడా ఇదే కోవలోవి.

పంపూ, చేపా

వాళ్ళింట్లో పంపు, అంటే ఇన్‌హేలరు, బీరువాలో పైఅరలో బట్టల కింద ఉంది. డాక్టరు రాసి ఏడాదయింది. ఒక్కసారి కూడా సరిగా వాడలేదు. “పంపు అలవాటైతే ఇగ మానదట గద సారూ. ఆడపిల్ల, రేపు నలుగురికి తెలిస్తే ఎట్ల?” ఇదీ వాళ్ళ భయం. చాలా ఇళ్ళలో ఇదే భయం.

ఈ పంపు పుట్టింది ఒక బడిపిల్ల మాట వల్ల. 1955లో అమెరికాలో జార్జ్ మైసన్ అనే ఆయన ఒక మందుల కంపెనీకి అధ్యక్షుడు. ఆయన 13 ఏళ్ళ కూతురికి ఉబ్బసం. అప్పట్లో మందు పీల్చడానికి గాజు పరికరాన్ని చేత్తో పిసుక్కోవలసి వచ్చేది. జుట్టుకు చల్లుకునే స్ప్రే డబ్బాలాగా నా మందు ఎందుకు రాదు అని ఆ అమ్మాయి అడిగింది. మరుసటి సంవత్సరానికల్లా కొలతప్రకారం మందు చల్లే పంపు బజారులోకి వచ్చింది.

మాత్ర మేలా, పంపు మేలా అన్నది కూడికలు వచ్చిన ఎవరైనా తేల్చుకోవచ్చు. సాల్బ్యుటమాల్ మాత్ర ఒకటి 4 మిల్లీగ్రాములనుకోండి. అంటే 4,000 మైక్రోగ్రాములు. పంపు ఒకసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. మాత్రలో 40 నొక్కుల మందు ఉందన్నమాట! మాత్ర కడుపులో కరిగి ఒళ్ళంతా తిరిగి ఊపిరితిత్తికి చేరాలి. గుండె దడ, చేతుల వణుకు అందుకే. పంపు మందు నేరుగా చేరవలసిన చోటికే పోతుంది. సాల్బ్యుటమాల్ బిగిసిన కండరాలను వదులు చేస్తుంది. లోపలి వాపును తగ్గించడానికి రోజూ పీల్చే మందు వేరే ఉంటుంది. బాగున్నదని దాన్ని మధ్యలో మానేయడమే ఎక్కువమంది చేసే పొరపాటు. ఏది, ఎంత, ఎన్నాళ్ళు అన్నది డాక్టరు చెప్పాలి, మనం కాదు. ఉబ్బసం అంటువ్యాధి కాదని మాత్రం మనం అందరికీ చెప్పవచ్చు.

ఆ అమ్మాయిని రెండేళ్ళు వరసగా మృగశిర కార్తెనాడు హైదరాబాదు తీసుకుపోయి చేపమందు మింగించారట. ప్రతి జూన్‌లోనూ వేలమంది అలా పోతారు. దాంతో ఉబ్బసం పోతుందని నమ్మదగిన వైద్య పరీక్ష ఏదీ రుజువు చేయలేదు. “మింగినంక నాలుగు నెలలు ఒక్కసారి గూడ దమ్ము రాలేదు సారూ” అన్నది నాయనమ్మ. ఆమె అబద్ధం చెప్పలేదు. కాని నా దగ్గర హాజరుపట్టీలున్నాయి! చేప మింగకముందు సంవత్సరం కూడా జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ పిల్ల రోజూ బడికి వచ్చింది. చలికాలంలో రేగే జబ్బుకు వానకాలం ముందు ఏ మందు ఇచ్చినా నాలుగు నెలలు పనిచేసినట్లే ఉంటుంది. పట్టీలు మూడూ ఆమె ముందు పరిచి చూపించాను. చదువురాదు గాని గుర్తులు లెక్కపెట్టగలదు. చాలాసేపు చూసి, “అట్లయితే చేప ఏం జేసినట్టు?” అన్నది.

ఆమె రాసిన నోటుపుస్తకం

తరవాత ఆ అమ్మాయి ఒక నోటుపుస్తకం పెట్టింది. రాత్రి ఎన్నిసార్లు దగ్గుతో లేచింది, ఆ రోజు పొయ్యి ఎక్కడ వెలిగించారు, చుట్ట వెలిగించారా, గాలి మిల్లు వైపు నుంచి వీచిందా అని రోజూ రాసేది. ఒకేసారి అన్నీ మార్చవద్దని చెప్పాను. మార్చితే ఏది పనిచేసిందో తెలియదు గదా! మొదట చుట్ట తీసేసి దోమతెర కట్టారు. పది రోజుల తరవాత నీళ్ళపొయ్యిని పెరటి వైపు మార్చారు. ఆ తరవాత బొంతలు. బడిలో డస్టరు పని నేను తీసేశాను. పొడిగుడ్డకు బదులు తడిగుడ్డతో బల్ల తుడవడం మొదలుపెట్టాం.

చుట్ట తీసేశాక రాత్రి లేవడం బాగా తగ్గింది. పొయ్యి మార్చాక ఇంకొంచెం. కాని అదే నెలలో డాక్టరు మందు కూడా సరిగా వాడడం మొదలైంది కాబట్టి, మేలులో ఎవరి వాటా ఎంతో నేను చెప్పలేను. గాలి మిల్లుల వైపు నుంచి వీచిన రాత్రులు మాత్రం ఏం మార్చినా చెడ్డగానే ఉన్నాయి. తల్లిదండ్రులు చుట్ట మార్చగలరు, పొయ్యి మార్చగలరు. గాలి దిక్కు మార్చలేరు. మిల్లు పొగగొట్టానికి జల్లెడ బిగించవలసింది మిల్లువాళ్ళు, బిగించారో లేదో చూడవలసింది కాలుష్య నియంత్రణ మండలి. ఆ ఏడు సంక్రాంతి వరకూ ఆమె గైర్హాజరులు ముందటి ఏడు కంటె సగానికి తగ్గాయి.

ఆమె చేయించిన ప్రయోగం ఒకటి మీరూ చేయవచ్చు. అరచేయంత తెల్లని అట్టముక్కలు నాలుగు తీసుకోండి. ఒక్కొక్కదాని మీద వాజెలిన్ పలచగా పూయండి. వంటింట్లో ఒకటి, పడకగదిలో ఒకటి, తరగతి నల్లబల్ల పక్కన ఒకటి, రోడ్డు వైపు గోడకు ఒకటి వేలాడదీయండి. 24 గంటల తరవాత తీసి, అట్ట మీద ఒక సెంటీమీటరు చదరం గీసి, భూతద్దంతో అందులోని నలుసులు లెక్కపెట్టండి. రంగు కూడా రాసుకోండి. నల్లనివి మసి, తెల్లనివి సుద్ద లేక సిమెంటు, పసుపుపచ్చనివి ఊక నూగు కావచ్చు. వాన రోజు వద్దు.

మా తరగతిలో రోడ్డు అట్ట అన్నిటికంటె నల్లబడింది. అది అందరూ ముందే ఊహించారు. రెండో స్థానం ఒక పిల్లవాడి వంటింటి అట్టకు దక్కింది. వాడు దాన్ని ఇంటికి తీసుకుపోయి వాళ్ళమ్మకు చూపిస్తానన్నాడు. అట్టలన్నీ చూసి ఆ అమ్మాయి, “సార్, రెండున్నర మైక్రాన్లవి భూతద్దానికి కనబడవని మీరే చెప్పారు గదా. మరి మనం లెక్కపెట్టినవి ఏమిటి?” అని అడిగింది. పెద్దవే అన్నాను. సన్నవి అట్టకు అంటుకోకుండా గాలితో పాటే తిరుగుతుంటాయి. వాటిని లెక్కించడానికి వేరే యంత్రం కావాలి. అలాంటి యంత్రం మన బడికి ఎప్పుడు వస్తుందని అడిగింది. ఆ ప్రశ్నను ఆమె నోటుపుస్తకంలోనే, తేదీ వేసి, రాయించాను.